రెండుకీ ఎనిమిదికీ మధ్య

కాదు, ఈ చలిని నమ్మడానికి లేదు. ఇందాకటి వరకు నా చుట్టూ ఉన్న చలి వేరు. అది కొలిచి పెట్టిన చలి, మర్యాద తెలిసిన చలి. ఇది నాలుగు వైపుల నుంచీ ఒక్కసారిగా మీద పడింది. ఇంత ఆత్రంగా వచ్చినదాని వెనుక ఏదో ఉద్దేశం ఉండే ఉంటుంది. పైన మూత పడిపోయింది. బయట మోటారు మోత, ఇనప కమ్మీతో మంచు దిమ్మను పొడుస్తున్న చప్పుడు, మూత సందులోంచి రొయ్యల వాసన. ఇది ఇల్లు కాదు. ఈ మనిషి కొరియర్ ఆఫీసులో సంతకం పెట్టి మమ్మల్ని తీసుకున్నాడు. తిన్నగా ఇంటికి కదా వెళ్లాలి. ఎందుకు వెళ్లలేదు?

నేను ఒక లాగర్‌ని. అగ్గిపెట్టెంత తెల్లటి ప్లాస్టిక్ డబ్బాను. నాకు ఒక బటన్, పచ్చగానో ఎర్రగానో వెలగగల ఒక చిన్న దీపం, కడుపులో పావలా బిళ్లంత బ్యాటరీ ఉన్నాయి. చల్లగా ఉంచాల్సిన మందులతో పాటు నన్ను పెట్టెలో పెట్టి పంపుతారు. పది నిమిషాలకోసారి చలి ఎంతుందో చూసి, గంటా నిమిషంతో సహా రాసుకోవడం నా పని. రెండు డిగ్రీలకూ ఎనిమిదికీ మధ్య ఉన్నంతసేపు లోకం క్షేమం. వేడెక్కితే మందు మెల్లగా నీరసిస్తుంది. గడ్డకడితే మాత్రం చచ్చిపోతుంది. అందుకే వరసగా మూడుసార్లు సున్నా కిందికి పోయిందని రాశానంటే ఇక ఆ మందు వాడకూడదు.

ఇప్పుడే మొదటిసారి రాశాను. సున్నాకు ఒక డిగ్రీ కింద.

మళ్లీ చూడటానికి పది నిమిషాలుంది. ఈ పది నిమిషాలూ నేను ఖాళీ. ఖాళీగా ఉన్నప్పుడు నేను చేసేది ఒక్కటే, మనుషుల్ని అనుమానించడం. అది నాకు పుట్టుకతో వచ్చిన అవయవం. ఇద్దరు మనుషులు ఒకరినొకరు నమ్మితే నేను పుట్టేదాన్నే కాదు. మందు తయారుచేసేవాడు లారీవాణ్ని నమ్మడు, లారీవాడు గోడౌన్‌ను నమ్మడు, గోడౌన్‌వాళ్లు కొనుక్కునేవాణ్ని నమ్మరు. ఈ అపనమ్మకాలన్నిటికీ కలిపి ఒక కన్ను కావాల్సి వచ్చింది. నన్ను చేశారు.

సముద్రం అవతల ఒక ఊళ్లో, పొడుగాటి బల్ల ముందు కూర్చున్న ఒక అమ్మాయి నా మూత బిగించింది. ఆ తర్వాత కరుగుతున్న మంచునీళ్ల గిన్నెలో నన్ను ముంచి, సున్నా అంటే ఇదీ అని చూపించింది. నా మొదటి జ్ఞాపకం అదే. ఒకసారి ముంచి వదల్లేదు, మూడుసార్లు ముంచింది. అంటే నేను ఎవరినీ అనుమానించక ముందే నన్ను ఒకరు అనుమానించారు. తర్వాత నాకొక కాగితం ఇచ్చారు. ఇది చెప్పేది నిజం, ఫలానా తేదీ వరకు, అని. నిజానికి గడువు ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఓడలో వచ్చి హైదరాబాదు శివార్లలో ఒక మందుల గోడౌన్‌లో తేలాను. అక్కడ నాణ్యత చూసే ఆఫీసరు హైమవతి. నలభై దాటిన మనిషి, ఎండాకాలంలో కూడా ఊలు కోటు వేసుకుని చల్లగది లోపలికీ బయటికీ తిరుగుతుంటుంది. నా వీపు మీద ‘ఒక్క ప్రయాణానికి మాత్రమే’ అని అచ్చు వేసి ఉంది. ఆమె దాన్ని చదివి, పైవాళ్లకు చెప్పి చూసి, వాళ్లు ఒప్పుకోకపోతే నిట్టూర్చి, నా లెక్కలు తుడిచేసి మళ్లీ పెట్టెలో పెట్టింది. అలా పద్దెనిమిది ప్రయాణాలు చేశాను. అంత ఖరీదైన సరుకుకు కాపలా పెట్టి, కాపలావాడి తిండిలో పొదుపు చేయడం మనుషులకే తెలిసిన విద్య.

నా మొదటి సాక్ష్యం ఇంకా గుర్తుంది. ఒక వ్యానులో ఇన్సులిన్‌తో వెళ్తున్నాను. దారిలో రైలు గేటు పడింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు, ఇంజనుతో పాటు చల్లటి గాలీ ఆగింది. నలభై నిమిషాలు. నేను ఒక్కో పది నిమిషాలూ శ్రద్ధగా రాశాను. గోడౌన్‌కు తిరిగొచ్చాక నన్ను కంప్యూటరుకు తగిలించారు, నా గీత తెర మీద కొండలా లేచింది. డ్రైవరును పిలిచి చూపించారు. “గేటు పడ్డాక ఇంజన్ బంద్ జేయకుండ ఎవడుంటడు మేడమ్, డీజిల్ ఎవరిస్తరు?” అన్నాడతను. మర్నాటి నుంచి రాలేదు. అప్పట్లో నాకు గర్వంగా ఉండింది. అనుమానించేవాడికి ఒక సుఖం ఉంది, తనను ఎవరూ మోసం చేయలేరన్న సుఖం. అది తగ్గాక గానీ రెండో సంగతి తట్టలేదు. నా గీతలో గంటా నిమిషం ఉన్నాయి, గేటు లేదు. అతను పాటలేవో పాడుకుంటూ కూర్చోవడం, గేటు తీయగానే తొందరగా కదలడం లేవు. ఉన్నదంతా రాశాననుకున్నాను, అతని ఉద్యోగం తీయడానికి సరిపడినంతే రాశాను.

ఒకసారి నన్ను మీటింగు గదిలోకి తీసుకుపోయారు. సేల్స్ విభాగం పెద్ద పట్టాభి తన కాగితాలు ఫ్యాను గాలికి ఎగరకుండా నన్ను వాటి మీద పెట్టాడు. గోడ మీద ఇంకో గీత పడింది. ప్రపంచమంతా కలిసి మందుల మీద ఏటా ఖర్చు పెట్టేది ఎంతో చూపించే గీత. అది నా గీతకు పూర్తిగా తిరగబడ్డ జాతి. నా గీత లేస్తే ప్రమాదం, వాళ్ల గీత పడుకుంటే ప్రమాదం. పట్టాభి చాలాసేపు చెప్పాడు. మాత్రల సంఖ్యలో చూస్తే మనలాంటి దేశాలే ఎక్కువ మింగుతాయట, చవకరకం బీపీ మాత్రలూ షుగరు మాత్రలూ గుట్టలుగుట్టలుగా. డబ్బులో చూస్తే మాత్రం ధనిక దేశాలదే పెద్ద వాటా. అందులోనూ ఎక్కువ భాగం కొద్దిమందికే అవసరమయ్యే ఖరీదైన ఇంజెక్షన్లకు పోతుందట, క్యాన్సరుకు, కీళ్ల జబ్బులకు, ఒళ్లు తగ్గడానికి. పాత మందు మీద హక్కుల గడువు తీరితే దానిలాంటిదే ఇంకొకరు తయారుచేస్తారు, ధర పడిపోతుంది, గీత కాస్త వంగుతుంది. ఈలోపు ఇంకో కొత్త మందు వచ్చి దాన్ని మళ్లీ పైకి లాగుతుంది.

గీత ఈ ఏడాది దగ్గర ఆగలేదు. అక్కడి నుంచి చుక్కలు చుక్కలుగా ఇంకో అయిదేళ్లు ముందుకు పోయింది. నాకు ఒళ్లు మండింది. జరగని నిమిషానికి నేను ఎన్నడూ చుక్క పెట్టలేదు. వీళ్లు ఇంకా రాని జబ్బులకు, ఇంకా పుట్టని నొప్పులకు చోటు కేటాయించి ఉంచారు.

అప్పుడు హైమవతి అడిగింది. “సార్, గీత పెరగడమంటే జబ్బులు పెరగడమా, ధరలు పెరగడమా?”

పట్టాభి నవ్వాడు. “రెండూనమ్మా. మూడోది కూడా ఉంది. ఇన్నాళ్లూ కొననివాళ్లు కొనడం మొదలుపెట్టారు. మనకి కావలసింది వాళ్లే.”

కొననివాళ్లంటే ఎవరో నాకు అర్థం కాలేదు. చుక్కల్లో మొహాలు కనపడవు.

ఆ మీటింగులోనే ఇంకో గొడవ కూడా నడిచింది. అంతకు ముందు నెల నాలాంటి లాగరే ఒకటి ఒక ఆసుపత్రిలో ఎర్రగా వెలిగి, ఆ వెంటనే బ్యాటరీ అయిపోయి చచ్చింది. మా పాతరకం లాగర్లకు బ్యాటరీ పోతే లెక్కలన్నీ పోతాయి. చెడింది దారిలోనా, ఆసుపత్రిలోనా తేలలేదు. పట్టాభి ఆసుపత్రి మీదికి తోసేద్దామన్నాడు. హైమవతి ఒప్పుకోలేదు. ఇంటికి చేరాక పేషెంటు చేతిలో చెడిందని లెక్క చెబితే మనం మార్చి ఇవ్వం సరే, లెక్కే లేకపోతే ఎవరి పేరూ రాయడానికి లేదు, కొత్తది ఇచ్చి తీరాలి, రూలు అలా ఉంది, అంది. పట్టాభి కాగితాల మీద నుంచి నన్ను తీసి పక్కకు విసిరాడు.

రెండోసారి రాశాను. సున్నాకు రెండు డిగ్రీల కింద. మంచుకు ఇంత చలి ఎక్కడిది? ఇందులో ఉప్పు కలిపారు.

ఇప్పుడు ఈ మనిషి గురించి ఆలోచించాలి. పేరు ఏడుకొండలు. బందరు బస్టాండు పక్కన కొరియర్ ఆఫీసులో మా పెట్టె తీసుకున్నాడు. మొదటి నుంచీ ఇతని మీద నాకు నమ్మకం లేదు. సంతకం పెట్టక ముందే పెట్టె విప్పాడు. మందు పక్కన పెట్టిన చల్లటి జెల్ ప్యాకెట్లను వేళ్లతో నొక్కి చూశాడు, అవి మెత్తబడి ఉన్నాయి. “నీళ్లయిపోయినియ్ చూడండి, ఏ ఎండలో పడేశారో ఏంటో” అన్నాడు. గుమాస్తా విసుక్కుని, ఇంతకీ అంత కంగారు పడటానికి ఇందులో ఏముందని అడిగాడు.

“మా ఆవిడ చేతులున్నాయండి ఇందులో” అన్నాడు.

నేను ఆ మాటను నమ్మలేదు. అంత చక్కగా జవాబు చెప్పేవాడు దాన్ని ముందే తయారుచేసి పెట్టుకుని ఉంటాడనిపించింది. పెట్టెలో ఉన్న ఈ రెండు ఇంజెక్షన్ పెన్నుల ఖరీదు ఇతని నెల జీతం కన్నా ఎక్కువ. ఒకటి కొంటే కంపెనీ రెండోది ఊరికే ఇస్తుంది. ఊరికే ఇచ్చేవాళ్ల మీదా నాకు అనుమానమే. చుక్కల గీతలోకి ఒక మనిషిని అలవాటు చేయడానికి అంతకన్నా మంచి దారి ఏముంది? ఇతను బండిని ఇంటివైపు కాకుండా రేవువైపు తిప్పేసరికి, పెన్నులు రెండూ ఎవరికో అమ్మేస్తున్నాడని తేల్చేసుకున్నాను. చెప్పానుగా, అనుమానంలో ఒక సుఖం ఉంది.

ఇది గిలకలదిండి రేవు దగ్గరి ఐసు ఫ్యాక్టరీ. అతను ఇక్కడ పని చేస్తాడు. మధ్యాహ్నం దాకా డ్యూటీ వదిలి పోవడానికి లేదు. ఇరవై ఏళ్లుగా బోట్లకు మంచు కొట్టి పోస్తున్నాడు, రొయ్యల్ని కాకినాడ దాకా చెడకుండా పంపుతున్నాడు. వచ్చీ రాగానే కొత్త థర్మాకోల్ పెట్టె ఒకటి కడిగి, మెత్తబడిన జెల్ ప్యాకెట్లను తీసి గిరాటేసి, మా చుట్టూ ఉప్పు చల్లిన మంచుపొడి గుమ్మరించాడు. మా చలి అప్పటికి ఆరు డిగ్రీలు. రెండుకీ ఎనిమిదికీ మధ్య. జెల్ మెత్తబడే ఉండాలి, అదే దాని ధర్మం. ఆ సంగతి అతనికి చెప్పడానికి నాకు నోరు లేదు. పెట్టెలో పెట్టిన సూచనల కాగితంలో రాసి ఉంది, ఇంగ్లీషులో.

పక్కన పనిచేసే సూరిబాబు గొంతు వినపడింది. “ఏంట్రా కొండలూ, మందులక్కూడా రొయ్యలకేసినట్టు ఏస్తన్నావ్? మీ ఆవిణ్ణి ఎక్స్‌పోర్ట్ చేస్తావేంటి?”

“నోర్ముయ్యరా. ఉప్పు చల్లితే ఇంకో రెండు గంటలు ఆగుద్ది. చల్లదనం సంగతి కంపెనీవోళ్లకేం తెల్సు, కోట్లేసుకుని కూచుంటారు.”

మంచు పొడిచే చప్పుడు ఆగింది. అతను సూరిబాబుకు భార్య సంగతి చెబుతున్నాడు. ఆమె పేరు మంగతాయారు. చిలకలపూడిలో గిల్టు నగలకు రాళ్లు పొదుగుతుంది. మూడేళ్ల క్రితం వేళ్ల కణుపులు వాచి బిగుసుకుపోయాయి. పట్టకారు జారిపోయేది, ఆవగింజంత రాయి చాపలో పడితే వెతుక్కోలేక ఏడ్చేది. నొప్పి మాత్రలు డబ్బాలకు డబ్బాలు మింగింది. రెండు నెలల కిందట ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. అది ఖరీదైన విదేశీ మందు కాదు, అలాంటిదే హైదరాబాదులో చేసిన రకం, అయినా వీళ్లకు భారమే. పోయిన వారం జుట్టు తనే ముడేసుకుందట. ఒక్క డోసు తప్పినా మళ్లీ మొదటికొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడట. “గుప్పిట మూస్తందిరా ఇప్పుడు” అన్నాడు ఏడుకొండలు.

ఇన్నాళ్లూ కొననివాళ్లు కొనడం మొదలుపెట్టారు. ఓహో, చుక్కకు మొహం ఉంటే ఇలా ఉంటుందన్నమాట.

నేను తేల్చుకున్నదంతా పక్కకు ఒరిగిపోయింది. ఇతను దొంగ కాదు. దొంగ అయితే ఎంత బాగుండేది! దొంగ ఈ పెన్నుల్ని జాగ్రత్తగా రెండుకీ ఎనిమిదికీ మధ్య ఉంచి అమ్ముకునేవాడు. ఇతను తనకు బాగా తెలిసిన విద్యతోనే వీటిని చంపుతున్నాడు.

మూత తెరుచుకుంది. వెలుతురు పడింది. తీస్తాడు, బయటికి తీస్తాడు, మూడోసారి రాయకముందే తీస్తాడు అనుకున్నాను. ఇంకో గుప్పెడు ఉప్పు చల్లి, ఇంకో తట్టెడు మంచు పోసి, చేత్తో అదిమి, మూత పెట్టాడు. అదమడం కూడా నెమ్మదిగానే అదిమాడు, నిద్రపోయే మనిషికి దుప్పటి సర్దినట్టు.

అప్పుడు నాకొక కొత్త అనుమానం కావాలనిపించింది. అలా కావాలనిపించడం ఇదే మొదటిసారి. నేను చెప్పేది నిజమని రాసిచ్చిన కాగితానికి గడువు పోయి ఏడాది దాటింది. పద్దెనిమిది ప్రయాణాలు, ఎత్తి పడేయడాలు, విసిరేయడాలు. నా సున్నా ఆ అమ్మాయి చూపించిన సున్నా దగ్గరే ఉందని ఎవరు చెప్పగలరు? నాలుగైదు డిగ్రీలు కిందికి జారిపోయి ఉంటానేమో. పక్కనున్న మందు హాయిగా ఉందేమో, చెడింది నేనేనేమో. కాసేపు ఆ ఆలోచనలో తలదాచుకున్నాను. కానీ మంచునీళ్ల గిన్నె గుర్తొచ్చింది. మొదట తాకిన చలిని ఎవరు మరిచిపోతారు? అది కరుగుతున్న చలి. నీళ్లు నన్ను అంటుకుని కదిలేవి. ఇక్కడ ఏదీ కదలడం లేదు.

మూడోసారి రాశాను. సున్నాకు నాలుగు డిగ్రీల కింద. పక్కన పెన్నులో చిన్నగా టిక్కుమన్న చప్పుడు వినపడింది.

పన్నెండు దాటాక పెట్టె బండెక్కింది. గతుకుల్లో మంచు గలగలలాడింది. చిలకలపూడిలో ఒక చిన్న పెంకుటింటి ముందు బండి ఆగింది. తాయారు చాప మీద పని మధ్యలోంచి లేచి వచ్చింది. బక్కపలచటి మనిషి, వేళ్ల కణుపులు ఇంకా లావుగానే ఉన్నాయి.

“ఏంటయ్యా ఇది, చేపలు తెచ్చావా మందు తెచ్చావా?” అంది.

అతను గర్వంగా మూత తీశాడు. కొరియర్‌వాళ్లు ఎంత నిర్లక్ష్యంగా తెచ్చారో, తను చూసుకోకపోతే ఏమయ్యేదో చెప్పాడు. ఆమె పెన్నులు రెంటినీ తీసి, కొంగుతో తడి తుడిచి, గుడ్డ మీద పెట్టింది. చల్లగా పొడిస్తే మంట పుడుతుందని అరగంట బయట ఉంచుతారట. మంచిదే. ఆ అరగంటలో గడ్డకట్టినది కరిగిపోయింది. పెన్నుకు ఉన్న చిన్న అద్దంలోంచి చూస్తే లోపల మందు తేటగా, అమాయకంగా ఉంది. చచ్చిన సంగతి దానికే తెలియనట్టుంది. ప్రపంచంలో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

తాయారు నన్ను చేతిలోకి తీసుకుంది. పోయిన రెండు నెలలూ ఇలాగే చేశారు కాబోలు, పెట్టెలో తెలుగు చీటీ ఒకటి ఉంటుంది. బటన్ నొక్కండి. పచ్చ వెలిగితే వాడండి, ఎర్ర వెలిగితే వాడకండి, మాకు ఫోన్ చేయండి. ఏమీ వెలగకపోతే ఏం చేయాలో చీటీలో లేదు.

ఏమీ వెలగకపోవడం ఎందుకు జరుగుతుందో నాకు తెలుసు. బ్యాటరీ అడుగంటినప్పుడు దీపం ఆపేసి లెక్కలు కాపాడుకొమ్మని మమ్మల్ని చేసినవాళ్లు నేర్పారు. హెచ్చరిక కన్నా సాక్ష్యం ముఖ్యమని వాళ్ల నమ్మకం. నా బ్యాటరీ ఆ అడుగుకు వచ్చేసింది. చలి మిగిలింది కూడా లాగేసింది. దీపం వెలిగించకుండా పడుకుంటే నెల రోజులు లెక్కలు భద్రంగా మోయగలను. వెలిగితే ఒక్కసారే, ఆ తర్వాత ఏమీ మిగలదు.

భద్రంగా మోస్తే ఏమవుతుంది? ఈమె నన్ను పాడైపోయిందనుకుని పక్కన పెట్టి, చచ్చిన మందు పొడుచుకుంటుంది. రెండు వారాలకు ఇంకోటి. నెల తిరిగేసరికి వేళ్లు బిగుసుకుంటాయి. మందు పనిచేయడం మానేసిందనుకుంటారు. ఎప్పుడో నన్ను తిరిగి పంపితే నా గీత తెర మీద పడుతుంది. ఉదయం పదిన్నర, అంటే పెట్టెను సంతకం పెట్టి తీసుకున్న తర్వాత, సున్నాకు నాలుగు డిగ్రీల కింద. గంటా నిమిషం ఉంటాయి. దుప్పటి సర్దినట్టు అదిమిన చెయ్యి ఉండదు. తప్పు పేషెంటుదే, మార్చి ఇవ్వడానికి వీల్లేదు, అని పట్టాభి చదువుతాడు. అది నిజం కూడా. నా బతుకులో నేను రాసిన అన్నిటికన్నా కచ్చితమైన నిజం.

లెక్కే లేకపోతే ఎవరి పేరూ రాయడానికి లేదు. కొత్తది ఇచ్చి తీరాలి. ఊలు కోటు వేసుకున్న హైమవతి గొంతు అది.

తాయారు బొటనవేలు నా బటన్ మీదకి వచ్చింది. నొక్కబోయి ఆగింది, కణుపు నొప్పి పుట్టినట్టుంది.

“నువ్ నొక్కు” అంది.

ఏడుకొండలు చెయ్యి చాపాడు. ఆమె మళ్లీ ఏమనుకుందో ఏమో, ఇవ్వలేదు. “ఉండు, నేనే నొక్కుతా. ఇప్పుడు నొక్కగలను” అని, రెండో చేత్తో బొటనవేలిని ఆనించి పట్టుకుని నెమ్మదిగా అదిమింది. ఆ వేలి వెచ్చదనం నాలోకి దిగింది. దాన్ని నేను రాసుకోలేదు.

పద్దెనిమిది ప్రయాణాల్లో మొదటిసారి లెక్కల్ని చేజారనిచ్చి, ఉన్నదంతా దీపంలోకి తోసి, ఎర్రగా వెలిగాను.